180 గంటల లెక్క

విదేశీ విశ్వవిద్యాలయంలో ఒక సెమిస్టర్ చదవడానికి వెళ్లిన తొలి వారంలో నా టైమ్‌టేబుల్ చూసుకుని, ఎక్కడో పొరపాటు జరిగి ఉంటుందని అనుకున్నాను. అయిదు కోర్సులు, ఒక్కొక్కదానికి వారానికి 2 గంటలు, అంటే మొత్తం 10 గంటలే. ఉదయం నుంచి సాయంత్రం దాకా తరగతిలో కూర్చోవడాన్నే చదువుగా ఎంచుతూ వచ్చిన నాకు అది దాదాపు సెలవులా కనిపించింది.

అసలు సంగతి కోర్సు వివరాల పత్రంలో ఉంది. ఎరాస్మస్ విద్యార్థి మార్పిడి పథకంలో భాగంగా 1989లో ఐరోపాలో మొదలైన క్రెడిట్ల పద్ధతి, అధ్యాపకులు ఎన్ని గంటలు బోధించారన్నది కాక, విద్యార్థి మొత్తం ఎన్ని గంటలు పనిచేయాలన్నది లెక్కిస్తుంది. పూర్తి విద్యా సంవత్సరానికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు సాధారణంగా 25 నుంచి 30 గంటల పని. 6 క్రెడిట్ల కోర్సంటే 150 నుంచి 180 గంటలు. అందులో 15 వారాల తరగతులన్నీ కలిపినా 30 గంటలే. మిగిలినవన్నీ నా చేతిలో ఉన్నట్టే. ఇంతకాలం నా చదువుకు ఎవరో ఒకరు కాపలా ఉండేవారని ఆ కూడికలు, తీసివేతలు చేస్తున్నప్పుడే తెలిసింది. మొదటి మూడు వారాలు ఆ గంటలను దాదాపు వృథా చేశాను. చదవాల్సినవాటి జాబితా ఉంది గానీ, ఏది ముందు చదవాలో, ఏది పైపైన చూసి వదిలేయాలో చెప్పేవారు లేరు.

మొదటి సెమినార్‌కు వ్యాసం సారాంశాన్ని కంఠస్థం చేసుకుని వెళ్లాను. అధ్యాపకురాలు సారాంశం అడగలేదు. రచయిత వాదన ఎక్కడ బలహీనంగా ఉందో చెప్పమన్నారు. నాకు మాట రాలేదు. అచ్చులో ఉన్నదాన్ని తప్పుపట్టడం మర్యాద కాదనే భావం నాలో ఎంత లోతుగా పాతుకుని ఉందో అప్పటిదాకా నాకే తెలియదు. నా పక్కనున్న విద్యార్థి ఏకంగా ఆమె అభిప్రాయాన్నే ఖండించాడు. ఆమె కాసేపు ఆలోచించి, "ఈ విషయం నాకు తెలియదు, వచ్చే వారం చూసి చెబుతాను" అన్నారు. గదిలో ఎవరూ దాన్ని వింతగా చూడలేదు. (అక్కడి మాటలన్నీ గొప్పవేమీ కావు, చదవకుండా వచ్చి ధైర్యంగా మాట్లాడేవారు అక్కడా ఉన్నారు.) ఆరో వారంలో, ఒక వ్యాసంలోని పట్టికకూ దాని ముగింపుకూ పొంతన లేదని నేనూ అన్నాను. అందులో సగం తప్పని తేలింది. మిగిలిన సగం మీద అరగంట చర్చ జరిగింది.

అయితే దృక్పథం మారిందని తొందరపడి ప్రకటించేవారిని నేను అంతగా నమ్మను. వారిలో నేనూ ఉన్నాను. నార్వే సామాజిక శాస్త్రవేత్త స్వెర్రే లైస్‌గార్డ్, ఫుల్‌బ్రైట్ అనే అమెరికా ప్రభుత్వ ఉపకార వేతనంతో ఆ దేశం వెళ్లివచ్చిన తన దేశస్థులను పరిశీలించి 1955లో ప్రచురించిన అధ్యయనంలో, 6 నెలల లోపు ఉన్నవారూ 18 నెలలు దాటి ఉన్నవారూ బాగానే ఇమిడిపోయారనీ, ఆ మధ్యకాలం ఉన్నవారే ఎక్కువ ఇబ్బంది పడ్డారనీ తేల్చాడు. నేనున్నది 5 నెలలు. ఆ లెక్కన కష్టకాలం మొదలయ్యేలోపే పెట్టె సర్దుకున్నవాణ్ణి కాబట్టి, ఆ దేశం గురించి నాకు ఏర్పడిన మంచి అభిప్రాయాల్లో కొంత తరుగు తీసేయాల్సిందే. నా చదువు గురించి నాకు తెలిసినదాంట్లో మాత్రం తరుగు తీయలేకపోతున్నాను.

తిరిగి వచ్చాక చేతికందిన టైమ్‌టేబుల్ మళ్లీ నిండుగా ఉంది. ప్రతి కోర్సు పేరు పక్కనా ఒక గడి గీసి, ఎవరూ చెప్పకుండా నేను చదివిన గంటలను అందులో రాసుకుంటున్నాను. రెండు కోర్సుల ఎదుట ఆ గడి ఇప్పటికీ ఖాళీగానే ఉంది.