పానగల్‌లో రీలు కెమెరా

నల్గొండ బస్టాండు నుంచి పానగల్ ఎంత దూరమని? ఆటో అతను నూట యాభై అన్నాడు. ఎండెక్కుతోంది, బేరమాడే ఓపిక లేక ఎక్కేశాను. అసలే కెమెరాకి ఫిల్ము రీలు కొన్నప్పటి నుంచి డబ్బు దగ్గర మనసు బాగోలేదు. ముప్పై ఆరు బొమ్మల బ్లాక్ అండ్ వైట్ రీలు, కడిగించి స్కాన్ చేయించే ఖర్చు కూడా కలిపితే, క్లిక్కుమన్న ప్రతిసారీ రెండు చాయ్‌ల డబ్బు పోయినట్టే.

పానగల్‌లోని ఛాయా సోమేశ్వరాలయం బయట ఫొటో పని సులువే. నిండు ఎండలో అపెర్చర్, అంటే లెన్సులో వెలుగొచ్చే కన్నం, 16 పెట్టి (అంకె పెరిగేకొద్దీ కన్నం చిన్నది), షట్టర్‌ను రీలు స్పీడుకి, అంటే వెలుగును పట్టే చురుకును చెప్పే అంకెకి, దగ్గరగా ఉంచితే చాలు. నాది 400 రీలు కాబట్టి షట్టర్ 500, అంటే సెకనులో ఐదువందలో వంతు. వెలుగు కొలిచే మీటరు చూడక్కర్లేదు. చిక్కంతా లోపలే. పగలంతా గర్భగుడిలో కదలకుండా నిలిచే నీడ కోసమే కదా వచ్చింది! కుందూరు చోడ రాజుల కాలపు గుడి ఇది. ఆ నీడ ఏ ఒక్క స్తంభానిదీ కాదని, స్తంభాల మధ్య నుంచి వచ్చే వెలుగు చేసే పని అని అంటారు.

లెన్సు కన్నం 2కి బాగా తెరిచి నల్లరాతి మీద కొలిస్తే మీటరు షట్టర్ 15, అంటే సెకనులో పదిహేనో వంతు, చూపించింది. 50 ఎంఎం లెన్సును చేత్తో పట్టుకుని 60 కన్నా తగ్గితే బొమ్మ అదురుతుంది. తంటాలు పడుతుంటే, అరుగు మీద కూర్చున్న పెద్దాయన పలకరించాడు.

"రీలు కెమెరానా బిడ్డా? మా పెండ్లిల గిదే ఉండె. ఫొటో ఆయన లెక్కబెట్టి తీసేటోడు. 'ఊపిరి బిగబట్టుండ్రి' అని అరిచేటోడు."

"చీకటిగా ఉంది తాతా."

"నల్లరాయి నల్లగనే ఉండాలె గద!"

నిజమే. మీటరుకి రాయి నలుపని తెలియదు, దేన్ని చూసినా నడిమి బూడిదరంగు చేయాలనే చూస్తుంది. నలుపు నలుపుగా రావాలంటే రెండు స్టాపులు తగ్గించాలి, ఒక్కో స్టాపుకీ వెలుగు సగమవుతుంది. అంటే 15 నుంచి 60. సరిగ్గా నా చేతికి అందే స్పీడు! యూట్యూబులో గంటలు చూసినా ఎక్కని లెక్క అక్కడ ఒక్కసారిగా ఎక్కింది. మరీ నల్లబడితే నెగెటివ్‌లో నీడ వివరాలు పోతాయి, అందుకే 30లో కూడా ఒకటి లాగాను, స్తంభానికి ఒరిగి, ఊపిరి బిగబట్టి.

పెద్దాయనను ఒక బొమ్మ తీస్తానని నేను అడిగితే, తలపాగా సర్దుకుని, "ఎప్పుడొస్తది?" అన్నాడు.

రీలు ఇంకా సగం ఉంది. అది అయ్యాక హైదరాబాదు ల్యాబుకి పంపాలి, వాళ్లు వారం అంటే రెండు వారాలు. "దసరాకి తెస్తా తాతా" అన్నాను. తిరుగు ప్రయాణానికి షేర్ ఆటో దొరికింది, ఇరవై రూపాయలే.