కాలిపోయిన కౌంటీలో మామయ్యగారి తనిఖీ

మామయ్యగారు అమెరికా వచ్చి నెలన్నర దాటింది. నయాగరా చూశారు, వైట్‌హౌస్ చూశారు, కాస్ట్కో అయితే లెక్కలేనన్నిసార్లు చూశారు. ఒకరోజు కాఫీ తాగుతూ, "ఇక్కడి తాలూకాఫీసు ఎలా ఉంటుంది బాబూ?" అన్నారు. తెనాలి చుట్టుపక్కల ముప్పై రెండేళ్లు రెవెన్యూలో చేసి, డిప్యూటీ తహసీల్దారుగా రిటైరైన మనిషి. ఆయనకు జలపాతాలు చూపించడం నాదే తప్పు.

మేముండేది రిచ్‌మండ్ శివార్లలో. ఓ శుక్రవారం సెలవు పెట్టి ఆయన్ని అపొమాటాక్స్ కౌంటీకి తీసుకెళ్లాను. దాదాపు రెండు గంటల ప్రయాణం. ఫార్మ్‌విల్ దాటాక 460 రోడ్డుకు అటూ ఇటూ పైన్ చెట్లు, చుట్టలు చుట్టిన గడ్డి, ఓ చర్చి, మళ్లీ పైన్ చెట్లు. కౌంటీ మొత్తం జనాభా 16 వేలు. "మా మండలంలో మూడో వంతు లేదు, దీనికో జిల్లానా!" అన్నారు.

అందరూ ఇక్కడికి వచ్చేది అంతర్యుద్ధం కోసం. 1865 ఏప్రిల్ 9న దక్షిణాది జనరల్ లీ తన సైన్యంతో ఉత్తరాది జనరల్ గ్రాంట్‌కు లొంగిపోయింది ఇక్కడే. మామయ్యగారు మాత్రం ముందు రికార్డు రూము చూడాల్సిందే అన్నారు.

వర్జీనియాలో దస్తావేజులు, వీలునామాలు, పెళ్లి లైసెన్సులు అన్నీ కౌంటీలోని సర్క్యూట్ కోర్టు క్లర్కు దగ్గర ఉంటాయి. ఎవరైనా లోపలికి వెళ్లి పుస్తకం తీసి చూసుకోవచ్చు. "అర్జీ రాయక్కర్లేదా? స్టాంపు అంటించక్కర్లేదా?" అని మామయ్యగారు రెండుసార్లు అడిగి నిర్ధారించుకున్నారు. బరువైన పుస్తకాలు ఇనుప అరల్లో అడ్డంగా పడుకోబెట్టి ఉన్నాయి. లాగితే కింద రోలర్లు తిరిగి గడగడమంటూ బయటికొస్తాయి. అమ్మినవాళ్ల పేర్లకు ఒక సూచిక, కొన్నవాళ్ల పేర్లకు ఇంకో సూచిక. ఆయన కళ్లజోడు సర్దుకుని, గీతల మీద వేలు ఆనించకుండా గాల్లోనే వేలు నడుపుతూ చదువుతుంటే, నాకు తెలిసిన మామయ్యగారు ఈయనేనా అనిపించింది.

అన్నిటికంటే పాతది చూపించమని అడగమన్నారు. అక్కడున్నావిడ తల అడ్డంగా ఊపింది. 1892లో కోర్టు భవనం తగలబడింది. అంతకుముందున్నవి దాదాపు అన్నీ పోయాయి.

మామయ్యగారికి అది పెద్ద సమస్యలా తోచలేదు. "ఈ కౌంటీ దేన్నుంచి విడిపోయింది?" అన్నారు. 1845లో బకింగ్‌హామ్, ప్రిన్స్ ఎడ్వర్డ్, షార్లెట్, క్యాంప్‌బెల్ కౌంటీల ముక్కలు కలిపి దీన్ని చేశారు. "అయితే పాత తాలూకాలో దొరుకుతాయిగా. పెద్ద ముక్క బకింగ్‌హామ్‌దా? అక్కడికి పోదాం." బకింగ్‌హామ్‌లో మాజీ అధ్యక్షుడు జెఫర్సన్ గీసిన నమూనాతో కట్టిన కోర్టు ఉండేది, అది 1869లో కాలిపోయింది. ఈ మాట చెప్పగానే ఆయన నవ్వేశారు. వంశవృక్షాలు వెతుక్కునే వాళ్లు ఇలాంటి చోట్లను బర్న్‌డ్ కౌంటీలు అంటారు. తాత పేరు వెతుక్కుంటూ వచ్చి ఆ మాట వింటే ఎవరికైనా టెన్షనే.

రికార్డు రూము నుంచి మూడు మైళ్లలో, లొంగుబాటు జరిగిన పాత ఊరు. రైలు మార్గం ఊరిని వదిలేసి దూరంగా పోవడంతో వ్యాపారం అటు తరలింది, మంటల తర్వాత కోర్టు కూడా స్టేషన్ దగ్గరికే పోయింది, ఊరు ఖాళీ అయింది. ఇప్పుడది జాతీయ పార్కు. మధ్యలో ఎర్ర ఇటుకల కోర్టు భవనం కనబడితే మామయ్యగారు ఆశగా చూశారు గానీ, అది 1960ల్లో తిరిగి కట్టింది. లొంగుబాటు పత్రాలు రాసిన మెక్లీన్ ఇల్లు కూడా 1940ల్లో తిరిగి కట్టిందే. ఆ గది ముందు రెండు నిమిషాలు నిలబడి "ఊఁ" అని వచ్చేశారు.

ఆయన ఆగింది క్లోవర్ హిల్ టావెర్న్ దగ్గర. 1819 నాటి ఆ సత్రంలో, లొంగుబాటు తర్వాత అచ్చు యంత్రాలు పెట్టి ఓడిన సైనికులను ఇళ్లకు పోనిచ్చే పెరోల్ కాగితాలు కొట్టారు. 28 వేల పైచిలుకు. ఆ చీటీ చూపిస్తే దారిలో ఎవరూ అడ్డుకోరు, రేషను కూడా ఇస్తారు. "అంత హడావుడిలోనూ తలకో కాగితం!" అని మెచ్చుకున్నారు. అదే యుద్ధంలో కాగితం దొరకనివాళ్ల సంగతి పార్కు రేంజర్ చెప్పాడు.

1860 లెక్కల్లో ఈ కౌంటీలో బానిసలు 4,600 మంది. జనాభాలో సగానికి పైనే. వాళ్లలో ఒకామె హన్నా రేనాల్డ్స్. చివరి రోజు యుద్ధంలో డాక్టర్ కోల్‌మన్ ఇంట్లో ఉండగా ఫిరంగి గుండు వచ్చి తగిలింది. ఆ పోరులో చనిపోయిన ఏకైక సాధారణ పౌరురాలు ఆమే. ఆ రోజే, బానిసగానే పోయిందని చాలాకాలం అనుకున్నారు. తర్వాత మరణాల పట్టీలో తేదీ దొరికింది: ఏప్రిల్ 12. లొంగుబాటు జరిగిన మూడు రోజులకు, అంటే స్వతంత్రురాలిగానే పోయింది. బానిసలకు విముక్తి అంటూ లింకన్ ప్రకటన 1863లోనే వచ్చింది నిజమే, కానీ సైన్యం రాని ఊళ్లో ఆ ప్రకటనను ఎవరు లెక్కచేశారు? 2015లో, నూటయాభై ఏళ్ల సందర్భంలో, ఆమెకు స్వతంత్రురాలిగా అంత్యక్రియల సభ జరిపి 4,600 దీపాలు వెలిగించారట.

మామయ్యగారు వెంటనే అడిగింది ఒకటే. "కోర్టే కాలిపోయింది కదా. మరణాల పట్టీ ఎలా మిగులుతుంది?"

జవాబు కోసం మర్నాడు రిచ్‌మండ్‌లో లైబ్రరీ ఆఫ్ వర్జీనియాకు వెళ్లాం. 1853 నుంచి ఇక్కడ ఒక చట్టం ఉండేది. పన్ను లెక్కకు ఇంటింటికీ తిరిగే రెవెన్యూ కమిషనరే, ఆ ఏడాది ఆ ఇంట్లో పుట్టినవాళ్లనూ పోయినవాళ్లనూ రాసుకోవాలి. ఒక ప్రతి కౌంటీలో, ఒక ప్రతి రాజధానిలో ఆడిటర్‌కి. భూమి పన్ను పట్టీలు కూడా అంతే. కౌంటీ ప్రతి కాలినా రాజధాని ప్రతి మిగిలింది. "మా మునసబుల జనన మరణ రిజిస్టరే ఇది," అన్నారు మామయ్యగారు, పాత స్నేహితుడు కనబడినట్టు.

మైక్రోఫిల్మ్ యంత్రం తిప్పడం నాకంటే త్వరగా పట్టేశారు. యుద్ధానికి ముందు ఆస్తి పన్ను పట్టీలో గుర్రాలు, గడియారాలు, పియానోలు, వాటి పక్కన పన్నెండేళ్లు దాటిన బానిసలు ఎందరో ఒక అంకె. తర్వాత 1860 బానిసల జనగణన తెరిచాం. యజమాని పేరు, కింద వరుసగా వయసు, ఆడా మగా, ఒంటి రంగు.

"పేరు కాలమ్ ఏది బాబూ?"

"లేదండీ మామయ్యగారూ. అసలు పెట్టలేదు."

కాసేపు మాట్లాడలేదు. యుద్ధం అయ్యాక వచ్చిన పన్ను పట్టీలు తిప్పితే అప్పుడు కనిపించాయి నల్లవాళ్ల పేర్లు, తలపన్ను కోసం రాసుకున్నవి. నల్లవాళ్లందరి పేర్లూ మొదటిసారి రాసిన 1870 జనగణన కంటే ముందే.

"పన్ను వెయ్యడానికి మాత్రం పేరు కావాల్సొచ్చింది," అన్నారు.

మామయ్యగారికి సర్వీసులో ఉన్నప్పటి అలవాటు, ఏ ఊరెళ్లినా టూర్ డైరీ రాస్తారు. ఆ రాత్రి టేబుల్ మీద తెరిచి ఉంటే చూశాను.

"అపొమాటాక్స్. రికార్డు తనిఖీ చేయడమైనది. 1892కు పూర్వపువి దగ్ధం. నకళ్లు రిచ్‌మండ్‌లో భద్రం. హన్నా రేనాల్డ్స్, మరణం 12-4-1865. రానుపోను 190 మైళ్లు. పెట్రోలు అల్లుడుగారిది."