జిరాక్స్ షాపు కంప్యూటర్‌లో ఎవరెవరి కాగితాలో

బ్యాంకువాళ్లు నాన్న కేవైసీ పత్రాలు మళ్లీ అడిగారని ఈ ఉదయం జిరాక్స్ షాపుకు వెళ్లాను. గోడ మీద పెద్ద అంకెల్లో వాట్సాప్ నంబరు రాసి ఉంది. దానికి ఏది పంపినా ప్రింటు తీసి ఇస్తారు. కంప్యూటర్ తెర మా వైపే తిరిగి ఉంది. ఎవరిదో ఆధార్ కార్డు, ఎవరో అమ్మాయి మార్కుల జాబితా, పాస్‌బుక్ మొదటి పేజీ, ఒక గర్భిణి స్కానింగ్ రిపోర్టు. కుర్రాడు కిందికి జరిపేకొద్దీ పాత నెలల కాగితాలు వస్తూనే ఉన్నాయి.

ఆ రిపోర్టు చూసి ప్రాణం ఉసూరుమంది. ఆమె తన ఇంట్లోనైనా చెప్పిందో లేదో! ఆ కబురు వరసలో నిలబడ్డ మాకెందుకు తెలియాలి?

ప్రింటు చేతికొచ్చాక “బాబూ, మా ఫైలు తీసెయ్యి” అన్నాను. “ఇక్కడ ఎవరూ చూడరు మేడమ్” అన్నాడు. నేను కదలకపోయేసరికి చాట్‌లోంచి తీసేశాడు. డౌన్‌లోడ్స్‌లోనూ ఉంటుందని చెబితే అక్కడా తీశాడు. అతని మీద నాకు కోపం లేదు. సమాచారం ఏ పనికి తీసుకుంటే ఆ పని అయ్యాక చెరిపేయాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో ఉంది. ఆ మాట అతనికి చెప్పినవాళ్లెవరు?

ఇంటికొచ్చి చెబితే నాన్న “దాచుకోవడానికి మన దగ్గర ఏముందమ్మా?” అన్నారు. కిందటి నెల ఒక సంగతి బాబాయికి కూడా తెలియనివ్వొద్దని నాతో అన్నది ఆయనే. అదేమిటో ఇక్కడా రాయను. అందులో తప్పేమీ లేదు, సిగ్గుపడాల్సిందీ లేదు. ఎవరికి చెప్పాలో ఆయన ఇష్టం, అంతే. కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి పుట్టస్వామి గారు ఆధార్ మీద సుప్రీంకోర్టుకు వెళ్లేనాటికి 80 ఏళ్లు దాటాయని నాన్నకు చెప్పాను. ఆ కేసులోనే 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కని ఏకగ్రీవంగా తేల్చారు. పుట్టస్వామి గారి వయసు విన్నాక నాన్న కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

పెద్దపల్లి జిల్లా సంగతీ చెప్పాను. 2018లో అక్కడ ఒకతను భూముల రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి, వాటితో ఆధార్ వేలిముద్ర తనిఖీ దాటించి వేల సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడు. మన పొలం కాగితాల మీదా నాన్న వేలిముద్రలు ఉన్నాయి మరి.

రాత్రి భోజనాలయ్యాక ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ వెబ్‌సైట్‌లో ఆయన వేలిముద్రల వంటి బయోమెట్రిక్స్ ఎవరూ వాడకుండా లాక్ చేశాం. ఓటీపీ ఆయన చేతే కొట్టించాను. చివరి 4 అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ కూడా దించి పెట్టాను, ఇకమీదట అది చెల్లే చోటల్లా అదే ఇస్తాం. అంతా అయ్యాక నాన్న బాబాయికి ఫోను చేసి, ఆధార్ కార్డు పట్టుకుని రేపు రమ్మన్నారు.