నాన్న లుంగీ, మావాడి కుదురు

మావాడికి ఎనిమిదేళ్లు. ఒకటో క్లాసు నుంచీ టీచర్లందరిదీ ఒకటే మాట, "కుదురుగా కూర్చోడండీ" అని. లెక్క సగం చేసి కిటికీలోంచి చూస్తూ ఉండిపోతాడు, వారానికో రబ్బరు పోగొడతాడు, అన్నం తింటూ నాలుగుసార్లు లేస్తాడు. మా అత్తయ్యేమో "మగపిల్లాడు, ఆ మాత్రం అల్లరి లేకపోతే ఎలా" అని కొట్టిపారేసేవారు. మొన్న వేసవిలో డాక్టరు దగ్గరికి వెళ్తే, మాకూ స్కూలుకూ పెద్ద పెద్ద ఫారాలిచ్చి, వాడితో రెండు మూడు సార్లు కూర్చుని, చివరికి ఏడీహెచ్‌డీ అన్నారు, అంటే శ్రద్ధ నిలవకపోవడం, కుదురు లేకపోవడం అనే సమస్య.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. ఎందుకొస్తుంది ఇది, అని వెతుకుతుంటే ఒకచోట పురుగుమందులు అన్న మాట కనబడింది. అంతే, నా కళ్ల ముందు మా నాన్న లుంగీ వచ్చి నిలబడింది.

మాది పల్నాడులో మిరప పండే ఊరు. ఏడో నెలలో కానుపుకి పుట్టింటికి వెళ్లాను. ఇంటి వెనకే తోట, అప్పుడు పూత మీదుంది, ముడత వస్తోందని నాన్న వారానికోసారి, ఒక్కోసారి రెండుసార్లు మందు కొట్టేవాడు. కొట్టొచ్చి వసారాలో లుంగీ విప్పి పడేస్తే అమ్మ నా చీరలతో కలిపే నానబెట్టేది. ఆ వాసన ఇంట్లో ఎవరికీ వాసనలా కూడా అనిపించేది కాదు, అలవాటైపోయింది. మాకది పంట వాసన.

ఇక చదవడం మొదలుపెట్టాను. నెల రోజులు అదే పని, మా ఆయన విసుక్కునేంత. నాకర్థమైంది రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, డిగ్రీలో కెమిస్ట్రీ చదివినదాన్ని, అంతే.

కాలిఫోర్నియాలో సాలినాస్ లోయ అని ఉంది, లెట్యూస్, స్ట్రాబెర్రీ పండే చోటు. అక్కడ పొలాల్లో పనిచేసేది ఎక్కువగా మెక్సికో నుంచి వచ్చిన కుటుంబాలు. బర్క్‌లీ యూనివర్సిటీ వాళ్లు 1999లో మొదలుపెట్టి ఆ లోయలో ఆరువందల మంది గర్భిణుల్ని చేర్చుకుని, వాళ్ల పిల్లల్ని ఏళ్ల తరబడి చూస్తూ వచ్చారు. ఆ అధ్యయనం పేరు చమాకోస్, మెక్సికో స్పానిష్‌లో చిన్నపిల్లలు అని అర్థమట. గర్భంతో ఉన్నప్పుడు తల్లి మూత్రంలో ఆర్గానోఫాస్ఫేట్ అనే రకం పురుగుమందుల ఆనవాళ్లు ఎక్కువున్నచోట, పిల్లలకు ఐదేళ్లు వచ్చేసరికి శ్రద్ధ నిలవకపోవడం ఎక్కువ కనబడింది, మగపిల్లల్లో ఇంకా ఎక్కువ. అదే పిల్లల్లో మూడున్నరేళ్లప్పుడు అంత తేడా తెలియలేదు. అన్నట్టు, పనిచేసేవాళ్ల బట్టలతో, చెప్పులతో మందు ఇంట్లోకి వస్తుందని కూడా అక్కడ గట్టిగా చెప్పారు. లుంగీ! నేనా పేజీ దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

పొలం లేని ఊళ్లో ఉంటే బాధ లేదా అంటే, అదీ లేదు. న్యూయార్క్‌లో హార్లెమ్, బ్రాంక్స్ లాంటి చోట్ల అపార్ట్‌మెంట్లలో బొద్దింకలకని క్లోరిపైరిఫాస్ కొట్టేవారు. కొలంబియా యూనివర్సిటీ వాళ్లు అక్కడ పుట్టిన పిల్లల బొడ్డుతాడు రక్తంలో ఆ మందెంతుందో కొలిచి, మూడేళ్లకు చూస్తే, ఎక్కువున్న పిల్లల్లో శ్రద్ధ సమస్యలు ఎక్కువున్నాయి. ఇది 2006లో అచ్చయింది. ఇళ్లలో దాని వాడకాన్ని అమెరికా 2001 ప్రాంతంలో ఆపేశాక పుట్టిన పిల్లల రక్తంలో మాత్రం బాగా తగ్గిపోయింది. క్లోరిపైరిఫాస్ అంటే కొత్తగా వినేవాళ్లకు: మన దగ్గర ఇల్లు కట్టేటప్పుడు పునాదుల్లో పోసే చెదలమందు చాలాసార్లు అదే.

క్లోరిపైరిఫాస్ కూడా ఆర్గానోఫాస్ఫేటే, ఇవన్నీ పనిచేసే తీరు ఒకటే. నరానికీ నరానికీ మధ్య కబురు మోసే ఎసిటైల్‌కోలిన్‌ని పని అయ్యాక తుడిచేసే ఎంజైమ్ ఒకటుంది, దాన్ని ఈ మందులు కట్టేస్తాయి. కబురు ఆగకుండా మోగుతూనే ఉండి పురుగు చస్తుంది. మన నరాల్లోనూ అదే ఎంజైమ్. పైగా ఈ మందుల్ని విరిచేసే ఇంకో ఎంజైమ్ పసిపిల్లల్లో పెద్దవాళ్లకంటే చాలా తక్కువ.

2010లో వచ్చిన ఇంకో అధ్యయనం గురించి అందరూ ఎక్కువ మాట్లాడతారు. అమెరికాలో 8 నుంచి 15 ఏళ్ల పిల్లలు 1,139 మంది, వాళ్లేమీ పొలాల పక్కన ఉన్నవాళ్లు కాదు, మామూలు పిల్లలు. ఈ మందుల ఆనవాలు ఒకటి మూత్రంలో కనబడినవాళ్లలో ఎక్కువున్న సగం మందికి, అసలు కనబడనివాళ్లతో పోలిస్తే, ఏడీహెచ్‌డీ ఉండే అవకాశం దాదాపు రెట్టింపు. ఇది చదివి గుండె జారిపోయింది నాకు. తర్వాత నెమ్మదిగా చదివితే, మూత్రం తీసింది ఒక్కసారేనట. ఈ మందులు రెండు మూడు రోజుల్లో ఒంట్లోంచి పోతాయి కాబట్టి, ఆ ఒక్కరోజు మూత్రం ఆ పిల్లవాడి ఎనిమిదేళ్ల కథ ఎలా చెబుతుంది? పైగా రోగమూ ఆనవాలూ ఒకేసారి కొలిచారు, ఏది ముందో తెలియదు. కుదురులేని పిల్లలే నేల మీద పడి, చేతికందింది నోట్లో పెట్టుకోవచ్చు కదా (మావాడైతే పెట్టుకుంటాడు). ఇంట్లో వాడే దోమల మందుల్లో ఉండే పైరెత్రాయిడ్‌ల సంగతైతే ఇంకా గందరగోళం. అమెరికా ప్రభుత్వం చేసే ఆరోగ్య సర్వేనే తీసుకుని 2014లో ఒక బృందం ఏ సంబంధమూ లేదంది, 2015లో ఇంకో బృందం మగపిల్లల్లో ఉందంది.

ఇదంతా మా ఆయనకు చెబితే తాపీగా ఒక మాటన్నాడు. "నేనూ చిన్నప్పుడు ఇంతేనే. మా మాస్టారు నన్ను బెంచీకి తాడుతో కట్టేశారు." అత్తయ్యను అడిగితే నవ్వి, నిజమేనన్నారు. ఏడీహెచ్‌డీలో వంశం వాటా చాలా పెద్దది, కవల పిల్లల మీద చేసిన పరిశోధనల్లో డెబ్బై శాతం పైనే తేలింది. మా ఆయన పుట్టి పెరిగింది హైదరాబాద్‌లో, పొలం మొహం చూడలేదు. ఆ మాటతో నాకు సగం బరువు దిగింది, నిజం చెప్పాలంటే కొంచెం సంతోషం కూడా వేసింది, తప్పు మా వైపుది కాదని! మరుసటి రోజుకి మళ్లీ లుంగీ.

మావాడికి ఎందువల్ల వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. వందల మంది పిల్లల్ని కలిపి చూస్తే కనబడే తేడా అది, ఒక్క పిల్లవాణ్ని చూపించి ఇదిగో అనేది కాదు. ఇది ఒప్పుకోవడానికే నాకు నెల పట్టింది. ఒప్పుకున్నాక, రుజువు పూర్తిగా తేలేదాకా ఇంట్లో అన్నీ అలాగే వాడాలని కూడా లేదు కదా అనిపించింది. సియాటిల్‌లో 23 మంది పిల్లలకు ఐదంటే ఐదు రోజులు మందుల్లేకుండా పండించిన తిండి పెడితే, క్లోరిపైరిఫాస్, మలాథియాన్ అనే అలాంటిదే ఇంకో మందు, రెండిటి ఆనవాళ్లూ మూత్రంలో దాదాపు మాయమయ్యాయి, మామూలు తిండికి రాగానే మళ్లీ వచ్చాయి. దానివల్ల వాళ్ల బుద్ధి కుదురుకుందని ఎవరూ అనలేదు, ఆనవాళ్లు పోయాయన్నారు, అంతవరకే. మాకు అన్నీ సేంద్రియం కొనే స్తోమత లేదు. కరివేపాకు కుండీలో వేశాను. దోమల లిక్విడ్ తీసేసి తెర కట్టాను, మొదటి వారం మావాడు అందులో దూరి సర్కస్ చేశాడు. గచ్చు మీద గీసే చీమల సుద్ద పారేశాను. థెరపీ మాత్రం ఆపలేదు. "ఆర్గానిక్ పెడితే తగ్గిపోతుంది, డాక్టర్లెందుకు" అన్న చుట్టాలావిడతో ఇప్పుడు మాటలు తగ్గించాను.

మిగిలింది నాన్న. ఆయనకెలా చెప్పను? క్లోరిపైరిఫాస్‌ని యూరప్ 2020లో ఆపేసింది, మన కేంద్రం అదే ఏడాది నిషేధించాలనుకున్న 27 మందుల ముసాయిదాలోనూ అది ఉంది. ఇవన్నీ ఫోన్లో చెబితే ఓపిగ్గా విని, "షాపులో అమ్ముతున్నారు కదమ్మా" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఎకరానికి లక్షలు పెట్టి, ఆ నల్ల తామర పురుగు వచ్చిన ఏడాది కళ్ల ముందే పూత రాలిపోతుంటే చూసిన మనిషి ఆయన. లుంగీ సంగతి మాత్రం చెప్పాను, విడిగా ఉతకమని, స్నానం చేశాకే ఇంట్లోకి రమ్మని. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అప్పుడు నువ్వు మనింట్లోనే ఉన్నావు కదూ" అన్నాడు. నేను మాట మార్చేశాను.

పది రోజుల కిందట బస్సులో ఒక సంచి పంపాడు. పెరట్లో మావాడి కోసం రెండు సాళ్లు వంగ, బెండ వేశాడట, మందు చుక్క తగలకుండా. ఫోన్ చేసి, "సగం పురుగే తినేసిందమ్మా, పుచ్చులు ఏరేసుకోండి" అన్నాడు. ఏరడానికి మావాడు కూర్చున్నాడు. పురుగు దొరికినప్పుడల్లా లేచి వెళ్లి కుండీలో వదిలొస్తున్నాడు. కిలో వంకాయలకి గంట పట్టింది.