తోలుబొమ్మలాట టైమ్‌లైన్లు: ప్రీమియర్ నుంచి రిజాల్వ్‌కు

సంక్రాంతి తర్వాత

ఏళ్లుగా పల్లెల్లో చిత్రీకరించుకున్న తోలుబొమ్మలాటలన్నీ నా దగ్గర ప్రీమియర్ ప్రో అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ప్రాజెక్టులుగా ఉన్నాయి. వాటిని మరో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్‌లోకి మార్చే పని పెట్టుకున్నాను. ప్రీమియర్‌కు నెలనెలా చందా కట్టినా కట్టకపోయినా ఈ ఆటలు తెరుచుకోవాలి. ఆడినవాళ్ల ఇంటివాళ్లు ఎప్పుడు వచ్చి అడిగినా కావలసిన ఘట్టం తీసి ఇవ్వగలగాలి. నాకు కావలసింది ఇంతే.

ఒక సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ఫైలును మరొకటి నేరుగా చదవదు, నడుమ ఒక రాయబారి ఉండాలి. కోతల జాబితాను మోసే ఇలాంటి ఫైలు పద్ధతుల్లో ఈడీఎల్ టేపుల కాలం నాటిది. ఒక్క వీడియో ట్రాక్‌కు మించి మోయలేదు. ఏఏఎఫ్ శబ్దం పనికి బాగుంటుంది. నేను ఎంచుకున్నది ఎక్స్ఎంఎల్. ప్రీమియర్‌లో ఫైల్ మెనూ, ఎక్స్‌పోర్ట్, ఫైనల్ కట్ ప్రో ఎక్స్ఎంఎల్. ఈ పేరు దగ్గర కొత్తవాళ్లు తికమకపడతారు. ప్రీమియర్ రాసేది ఫైనల్ కట్ ప్రో 7 కాలం నాటి పాత పద్ధతి. 2011లో ఫైనల్ కట్ ప్రో టెన్ వచ్చాక పుట్టిన ఎఫ్‌సీపీ ఎక్స్ఎంఎల్ వేరు. రిజాల్వ్ రెండింటినీ చదువుతుంది.

ఆ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడటం అలవాటు చేసుకున్నాను. ప్రతి క్లిప్‌కూ నాలుగు అంకెలుంటాయి: ఇన్, ఔట్, స్టార్ట్, ఎండ్. ఇన్ 1500, ఔట్ 1625, స్టార్ట్ 4000, ఎండ్ 4125 అని ఉంటే, అసలు ఫైలులో 1500వ ఫ్రేము నుంచి 125 ఫ్రేములు తీసి టైమ్‌లైన్‌లో 4000 దగ్గర పెట్టమని అర్థం. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన అది 5 సెకన్ల ముక్క. క్లిప్ అంచున డిజాల్వ్ (ఒక దృశ్యం మరొకదానిలో కరిగిపోవడం) ఉంటే స్టార్ట్ లేదా ఎండ్ దగ్గర -1 కనిపిస్తుంది. అది చూసి ఫైలు పాడైందని కంగారు పడనక్కర్లేదు, ఆ అంచును డిజాల్వ్ నిర్ణయిస్తుందని సూచన. ఎక్కడ కోశాం, ఎక్కడ అతికాం అన్నదే ఎక్స్ఎంఎల్ మోసుకెళ్లే అసలు సరుకు. కోతలు, క్రాస్ డిజాల్వ్‌లు, అపాసిటీ (పారదర్శకత స్థాయి), ఒకే తీరు వేగం మార్పు చాలా వరకు భద్రంగా వస్తాయి. లుమెట్రితో దిద్దిన రంగులు, వణుకు తగ్గించే వార్ప్ స్టెబిలైజర్, బయటి ప్లగిన్లు రావు.

అందుకే పంపే ముందు సీక్వెన్స్‌కు (టైమ్‌లైన్‌కు ప్రీమియర్‌లో పేరు) ఒక నకలు తీసి శుభ్రం చేస్తున్నాను. నెస్ట్‌లు (ఒక సీక్వెన్స్‌లో ఇమిడ్చిన మరో సీక్వెన్స్) విప్పేయడం, మల్టీకెమెరా క్లిప్‌లను ఎంచుకున్న కెమెరా మాత్రమే మిగిలేలా ఫ్లాటెన్ చేయడం, ఆపేసి ఉంచిన క్లిప్‌లను తొలగించడం, వేగం క్రమంగా మారే చోట్లను రెండర్ చేసి మామూలు క్లిప్‌గా పెట్టడం. మొత్తం ఆటను టైమ్‌కోడ్ (గంట, నిమిషం, సెకను, ఫ్రేము) అంకెలు తెర మీద కనిపించేలా ఒక వీడియోగా కూడా తీసి పెట్టుకుంటున్నాను. తర్వాత సరిచూసుకోవడానికి అదే ఆధారం.

మహాశివరాత్రి వారం

ఈ సమయంలోనే ఆటలు ఎక్కువ, కాబట్టి పగలు కంప్యూటర్, రాత్రి కెమెరా.

ఎక్కువ సమయం తీసుకున్నది పాత ఏవీసీహెచ్‌డీ కార్డుల పని. సోనీ, పానసోనిక్ కలిసి 2006లో ప్రకటించిన ఈ ఫార్మాటులో వీడియో ఎంటీఎస్ ఫైళ్లుగా ఉంటుంది. ఆట తెల్లవారేదాకా సాగుతుంది, కెమెరా ఆపకుండా తిరుగుతుంది, కార్డు మీద మాత్రం ఆ ఒక్క షాట్ 2 లేదా 4 జీబీ ముక్కలుగా విరిగి ఉంటుంది. ముక్కలను పక్కపక్కన పేర్చితే అతుకు దగ్గర శబ్దం తెగుతుంది. పద్యం మధ్యలో మృదంగం దెబ్బ ఒకటి ఎగిరిపోతే చెవికి వెంటనే తెలుస్తుంది. అందుకే కార్డులోని ఫోల్డర్లను మొత్తంగా, ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసుకోవాలి. ఎంటీఎస్ ఫైళ్లను మాత్రమే ఏరుకుంటే ఏ ముక్క తర్వాత ఏది అన్న సమాచారం పోతుంది.

మీడియా బ్రౌజర్ ద్వారా తెచ్చుకుంటే ప్రీమియర్ ఈ ముక్కలన్నిటినీ మొదటి ఫైలు పేరుతో ఒకే క్లిప్‌గా చూపిస్తుంది. రిజాల్వ్ కోసం నేను ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే ఉచిత పనిముట్టుతో ముక్కలను కలిపి, ఎడిటింగ్‌కు అనువైన డీఎన్ఎక్స్‌హెచ్ఆర్ ఫార్మాటులోకి మార్చి, మొదటి ముక్క పేరే పెడుతున్నాను. 00003, 00004 కలిస్తే వచ్చే ఫైలు 00003. ఎక్స్‌టెన్షన్ ఎంటీఎస్ నుంచి ఎంఓవీ అవుతుంది. రిజాల్వ్‌లో ఎక్స్ఎంఎల్ తెరిచేటప్పుడు, ఫైళ్లను జత చేసే సమయంలో ఎక్స్‌టెన్షన్‌ను పట్టించుకోవద్దనే గడి ఒకటి ఉంటుంది. అది టిక్ చేస్తే క్లిప్‌లన్నీ వాటి స్థానాల్లోకి వచ్చి కూర్చుంటాయి. పేరు, మొదటి టైమ్‌కోడ్, ఫ్రేముల సంఖ్య — ఈ మూడూ మారకుండా చూసుకుంటే కెమెరా ఫార్మాటు ఏదైనా మార్చుకోవచ్చు.

ఈ పాత ఫుటేజి ఇంటర్లేస్‌డ్, అంటే ప్రతి ఫ్రేములో సరి, బేసి గీతలు వేర్వేరు క్షణాల్లో తీసినవి. తెర మీద హనుమంతుడి చెయ్యి విసురుగా లేచినప్పుడు బొమ్మ అంచున దువ్వెన పళ్లలాంటి గీతలు పడతాయి. మార్చేటప్పుడే బీడబ్ల్యూడిఫ్ ఫిల్టరుతో తీసేస్తున్నాను, కాని ఫ్రేముకు ఒక ఫ్రేము వచ్చే పద్ధతిలోనే. సెకనుకు 50 ఫ్రేములు చేస్తే కదలిక మరింత నునుపుగా ఉంటుంది, కాని పైన చెప్పిన ఫ్రేముల లెక్క తప్పుతుంది.

డిస్కు సంగతి: 24 మెగాబిట్ల ఏవీసీహెచ్‌డీ గంటకు సుమారు 11 జీబీ. ఫుల్ హెచ్‌డీ, 25 ఫ్రేముల వద్ద డీఎన్ఎక్స్‌హెచ్ఆర్‌లో మామూలు నాణ్యత ఎస్‌క్యూ సుమారు 54 జీబీ, మేలైన హెచ్‌క్యూ సుమారు 83 జీబీ. అసలు ఫుటేజి 8 బిట్‌దే కాబట్టి ఎస్‌క్యూ చాలు. శబ్దం 48 కిలోహెర్ట్జ్ పీసీఎం.

ప్రతి కార్డులోనూ లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది కనుక 00003 పేరుతో నాలుగైదు ఫైళ్లు ఎదురవుతాయి. ఎక్స్ఎంఎల్ పంపడానికి ముందే పేరుకు ముందు ఊరి సంకేతం, కార్డు సంఖ్య చేర్చి ప్రీమియర్‌లో మళ్లీ లింక్ చేయాలి. ఆ పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లోనే ఉంచుతున్నాను. ఎక్స్ఎంఎల్‌లో ఫైలు దారి శాతం గుర్తులతో రాస్తారు, యూటీఎఫ్-8లో ఒక్క తెలుగు గుర్తుకు 3 బైట్లు, అంటే చిన్న ‘క’ కూడా 9 అక్షరాలై కూర్చుంటుంది. లింక్ తెగినప్పుడు కంటితో వెతకడం కష్టం. తెలుగు పేర్లు బిన్‌లకు (సాఫ్ట్‌వేర్‌లోని ఫోల్డర్లకు) పెట్టుకుంటే హాయి.

ఉగాది ముందు

రిజాల్వ్‌లో కొత్త ప్రాజెక్టు తెరవగానే, ఏ ఫైలూ తేకముందే, టైమ్‌లైన్ వేగం 25 అని పెట్టాలి. తర్వాత అది మారదు. ఎక్స్ఎంఎల్ తెచ్చాక టైమ్‌కోడ్ వీడియోను ఆఫ్‌లైన్ రిఫరెన్స్‌గా (పోల్చుకునే నమూనాగా) జతచేసి, వైప్‌తో సగం ఇటు సగం అటు పెట్టి కోత వెంబడి కోత చూస్తున్నాను. దృశ్యం పరిమాణం తేడా వచ్చిందంటే చాలాసార్లు ప్రీమియర్‌లో స్కేల్ టు ఫ్రేమ్ సైజ్ వాడిన క్లిప్ అయి ఉంటుంది. సెట్ టు ఫ్రేమ్ సైజ్ వాడితే స్కేలు అంకె రూపంలో ఉంటుంది కనుక ఎక్స్ఎంఎల్ దాన్ని మోయగలదు.

టైటిళ్లు రావు, కొత్తగా కట్టుకోవాలి. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లతో కొట్టినవి ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఇంగ్లిషు పిచ్చిరాతలవుతాయి, కాబట్టి అవన్నీ యూనికోడ్‌లో మళ్లీ కొడుతున్నాను. పద్యాల సబ్‌టైటిళ్లను యూటీఎఫ్-8 ఎస్ఆర్‌టీ ఫైళ్లుగా తీశాను; అవి ఒక్క అక్షరం చెదరకుండా వచ్చాయి. ఈ మొత్తం పనిలో ఇంత సులువుగా దాటింది మరొకటి లేదు.

మిగిలింది ఫోను ఫుటేజి. ఫోన్లు ఫ్రేము వేగాన్ని అవసరాన్ని బట్టి మార్చుకుంటాయి. ఫైలు వివరాలు చూపే మీడియాఇన్ఫోలో తెరిస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ వేరియబుల్ అని చూపిస్తుంది. ఒక్కో సాఫ్ట్‌వేర్ దాన్ని ఒక్కోలా లెక్కిస్తుంది, పాట ముందుకు పోయి బొమ్మ వెనకబడుతుంది. ఇవన్నీ స్థిర వేగానికి మార్చి, ఆ కొద్ది క్లిప్‌లను చేత్తోనే తిరిగి అమర్చాలి. ఇకపై ఫోనులోనూ 25 ఫ్రేములు, 1/50 షట్టరే పెడుతున్నాను. మన కరెంటు 50 హెర్ట్జ్. తెర వెనక ఎల్ఈడీ బల్బు ఉంటే 1/60 దగ్గర తెర మీద పట్టీలు పాకుతాయి.

పూర్తయిన ప్రతి ఆటకూ ఇప్పుడు ఒక ఫోల్డరు ఉంది: కార్డు నకలు, మార్చిన ఫైళ్లు, ఎక్స్ఎంఎల్, ఎస్ఆర్‌టీ, టైమ్‌కోడ్ వీడియో. వాటికి తోడు ఓపెన్ టైమ్‌లైన్ ఐఓ రూపంలోనూ ఒక ప్రతి తీస్తున్నాను. పిక్సార్‌లో పుట్టిన ఈ బహిరంగ పద్ధతిని రిజాల్వ్, ఉచిత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కేడెన్‌లైవ్ రెండూ చదువుతాయి. ఉగాది సెలవుల్లో రామాయణం ఆటల ఫోను క్లిప్‌లు మొదలుపెడతాను.