40,000 మైళ్లకు నేను వేసిన లెక్క

నా దగ్గర ఎర్ర అట్ట నోటుపుస్తకం ఒకటి ఉంది. ఇరవై ఏళ్లుగా ఇతరుల ఖాతాల్లో తప్పులు వెతకడమే నా ఉద్యోగం కాబట్టి ఇంటికి వచ్చాక కూడా ఆ అలవాటు వదలదు. ఆ పుస్తకంలో ఒక పేజీకి పైన "విమానం కార్డు" అని రాసి ఉంటుంది. దాని కింద ఒక తేదీ, దాని మీద అడ్డంగా గట్టిగా కొట్టివేత, పక్కన ఇంకో తేదీ. ఆ రెండు తేదీలకూ మధ్య ఉన్న 11 రోజులు నన్ను ఎంత పరుగు పెట్టించాయో చెబుతాను.

ఈ వ్యవహారంలోకి నన్ను దింపింది మా తమ్ముడు. విమాన సంస్థతో కలిసి బ్యాంకు ఇచ్చే క్రెడిట్ కార్డు వాడితే మైళ్లు అనే పాయింట్లు వస్తాయి, వాటితో విమానం టికెట్లు తీసుకోవచ్చు. ఆ మైళ్లంటే వాడికి పిచ్చి. "అక్కా, 40,000 మైళ్లు ఊరికే ఇస్తున్నారు. ఇంకా ఏమిటి ఆలోచన?" అని వారానికోసారి ఫోను. ఊరికే ఇచ్చేవాళ్లు మూడు నెలల గడువు ఎందుకు పెడతారని నా ప్రశ్న. కార్డు వచ్చిన మొదటి మూడు నెలల్లో ఇంత మొత్తం ఖర్చు చేస్తేనే వెల్‌కమ్ బోనస్ అన్నది షరతు. మా ఇంటి మామూలు ఖర్చులు కూడితే ఆ మొత్తంలో ముప్పాతిక వంతు వచ్చింది. మిగిలిన పావు వంతు కోసం అవసరం లేని వస్తువు ఒక్కటి కొన్నా బోనస్‌ను మన డబ్బుతో మనమే కొనుక్కున్నట్టు. అందుకని దరఖాస్తు పెట్టకుండా నాలుగు నెలలు ఆగాను. ఏడాదికోసారి కట్టే బీమా ప్రీమియం, ఎలాగూ మార్చక తప్పని పాత కంప్యూటర్, ఈ రెండూ ఒకే మూడు నెలల్లో పడేలా చూసుకుని అప్పుడు అడిగాను. ఖర్చు ఉన్న చోటికి కార్డును రప్పించాను తప్ప కార్డు కోసం ఖర్చును పెంచలేదు. ఈ కథలో నేను కాలర్ ఎగరేయగల పని ఇదొక్కటే.

ఆ తరువాత వరుసగా పొరపాట్లు. కార్డు ఉన్న కవరు చింపిన రోజు నుంచి 90 రోజులు లెక్కపెట్టి, గడువు తేదీని పుస్తకంలో రాసుకున్నాను. బ్యాంకు మాత్రం దరఖాస్తును ఆమోదించిన రోజు నుంచి లెక్కపెడుతోంది. కార్డు ముద్రణకూ తపాలాకూ కలిపి 11 రోజులు పోయాయి. ఈ సంగతి నాకు తెలిసింది నా లెక్కలో 74వ రోజున, నిబంధనల కాగితాన్ని వేరే పని మీద తిరగేస్తుంటే. చేతిలో ఉన్నది ఐదు రోజులు. సరే, మొత్తం దాటేశాను కదా అని కూడి చూస్తే దాటలేదు. వార్షిక రుసుమును కూడా ఖర్చులో కలిపేసుకున్నాను, అది లెక్కలోకి రాదు. నచ్చక వాపసు ఇచ్చిన వాక్యూమ్ క్లీనర్ తాలూకు సొమ్ము వెనక్కి వచ్చింది కాబట్టి అది మొత్తంలోంచి తీసివేత. ఏటీఎంలో తీసిన నగదు, ఇంకో కార్డు బాకీని దీని మీదికి మార్చడం, చాలా చోట్ల వ్యాలెట్‌లో వేసిన డబ్బు, ఇవేవీ ఖర్చు కిందికి రావు. ఆ మూడూ నేను చేయలేదు కనుక బతికిపోయాను.

వినియోగదారుల సేవాకేంద్రానికి ఫోను చేస్తే ఒక అమ్మాయి ఎంతో మర్యాదగా "బోనస్ తప్పకుండా వస్తుంది మేడమ్" అంది. ఏ తేదీ వరకు గడువు అని అడిగితే నా తేదీనే నాకు తిరిగి చెప్పింది. రాతపూర్వకంగా పంపమంటే అప్పుడు వచ్చింది అసలు తేదీ. అప్పటి నుంచి ఇలాంటి విషయాల్లో ఫోనులో విన్నది వినడం వరకే. కొన్న రోజు, అది ఖాతాలో నమోదైన రోజు ఒకటి కావు, మధ్యలో రెండు మూడు రోజులు తేడా పడవచ్చు. కాబట్టి చివరి రోజు దాకా ఆగే వీలు కూడా లేదు. ఆ సాయంత్రమే ఫోను బిల్లు, ఇంటర్నెట్ బిల్లు రెండు నెలలకు ముందుగా కట్టేసి ఒడ్డున పడ్డాను. బోనస్, మామూలు ఖర్చు మీద వచ్చినవి కలిపి 43,900 మైళ్లు తరువాతి స్టేట్‌మెంట్‌తో పాటు వచ్చాయి.

వడ్డీ గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. ప్రతి నెలా బాకీ మొత్తం కట్టలేని వాళ్లకు ఈ కార్డులు పనికిరావు. క్రెడిట్ కార్డు వడ్డీ ముందు ఏ బోనస్సూ నిలవదు.

మైళ్లు చేతికి వచ్చాక అసలు ఇవి ఎందుకు ఇస్తున్నారో తెలుసుకోవాలనిపించింది. ఉద్యోగపు జబ్బు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే 1న ఆడ్వాంటేజ్ అనే మైళ్ల పథకం మొదలుపెట్టినప్పుడు ఆలోచన సూటిగా ఉంది: తరచూ ఎక్కే ప్రయాణికుడు పోటీ విమానం వైపు చూడకూడదు, ఖాళీగా పోయే సీటును అతనికి బహుమతిగా ఇస్తే సంస్థకు పెద్ద నష్టం లేదు. 1987లో అదే సంస్థ సిటీబ్యాంక్‌తో కలిసి కార్డు తెచ్చింది. అక్కడితో విమానం ఎక్కకుండా కూరగాయలు కొన్నా మైళ్లు రావడం మొదలైంది. బ్యాంకు ఆ మైళ్లను విమాన సంస్థ దగ్గర టోకున కొని మనకు పంచుతుంది. ఈ వ్యాపారం ఎంత పెద్దదంటే, విమానాలు నేలకు దిగిపోయిన 2020లో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ మైలేజ్‌ప్లస్ అనే తన మైళ్ల పథకాన్నే తాకట్టు చూపించి వందల కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుంది. అప్పుడు ఆ పథకానికి కట్టిన విలువ సుమారు 2,200 కోట్ల డాలర్లు. మొత్తం యునైటెడ్ షేర్లకు ఆనాడు మార్కెట్ కట్టిన విలువ కంటే అది ఎక్కువ.

ఇక్కడ నాకు కాస్త భయం వేసింది. మైలు అంటే ఒక నాణెం, దాన్ని ముద్రించేదీ విమాన సంస్థే, దానితో కొనే సరుకుకు ధర కట్టేదీ విమాన సంస్థే. ఎక్కడి నుంచి ఎక్కడికి ఎన్ని మైళ్లో చెప్పే పట్టికను డెల్టా విమాన సంస్థ 2015లో తీసేసింది, యునైటెడ్ 2019లో తీసేసింది. ఇప్పుడు వాటిలో రోజును బట్టి, గిరాకీని బట్టి మైళ్ల ధర మారుతుంది. దాచిపెట్టిన మైళ్లకు వడ్డీ రాదు, కొనుగోలు శక్తి మాత్రం తరుగుతుంది. మా తమ్ముడి ఖాతాలో ఏళ్ల తరబడి పేరుకున్న మైళ్లను వాడు ఆస్తి అంటాడు. నేనైతే ఫ్రిజ్‌లో పెట్టిన పాలు అంటాను.

ఇక వాటిని వాడే లెక్క. డబ్బు పేరు ఎందుకు, ఏ దేశంలోనైనా పనికొచ్చేలా ఒక టికెట్ నగదు ధరను 100 అనుకుని అదే కొలత మీద మిగతావన్నీ చెబుతాను. సెలవుల ప్రయాణానికి రెండు దారులు చూశాను. మొదటి విమానం ధర 100. మైళ్లతో అయితే 20,000 మైళ్లు, అది కాక పన్నులు, సర్‌చార్జి కలిపి 45 నగదు. రెండో విమానం ధర 70. మైళ్లతో 10,000, పన్నులు 7. మొదటిదాంట్లో 20,000 మైళ్లు నాకు మిగిల్చేది 55 మాత్రమే, అంటే వెయ్యి మైళ్లకు 2.75. రెండోదాంట్లో 10,000 మైళ్లు 63 మిగులుస్తాయి, వెయ్యికి 6.3. అవే మైళ్లు, రెండు రెట్లకు పైగా తేడా. మొదటి టికెట్ తెర మీద "అవార్డు టికెట్" (మైళ్లతో కొనే టికెట్) అనే పచ్చ రంగు చీటీతో మెరిసిపోతూ కనిపించింది. పన్నుల గడి మాత్రం చివరి పేజీ దాకా కనిపించలేదు. ఆ సర్‌చార్జిలో ప్రభుత్వానికి పోయేది కొంతే, మిగతాది విమాన సంస్థ తానే వేసుకునేది. ఒకే మైళ్లతో ఎక్కగలిగే భాగస్వామి సంస్థల మధ్య కూడా ఇందులో చాలా తేడా ఉంటుంది.

తమ్ముడికి ఈ లెక్క నచ్చదు. వాడి వాదన బిజినెస్ క్లాసు. "600 ఖరీదు చేసే సీటును 50,000 మైళ్లకు కొన్నాను అక్కా, వెయ్యికి 12!" అంటాడు. "జేబులోంచి అయితే ఆ సీటుకు ఎంత ఇచ్చేవాడివి?" అని అడిగాను. కాసేపు నసిగి, "150 దాకా" అన్నాడు. అప్పుడు విలువ వెయ్యికి 3. పడుకుని ప్రయాణం చేయడం హాయిగా ఉంటుందని నేనూ ఒప్పుకుంటాను. ఆ హాయికి వెల 150 అని వాడు చెప్పాక 600 అని పుస్తకంలో రాయడం నావల్ల కాదు. ఆడిటర్ ఎవరైనా దాన్ని కొట్టేస్తారు.

నేను రెండో విమానంలో అమ్మకూ నాకూ రానూ పోనూ టికెట్లు తీసుకున్నాను, 40,000 మైళ్లు. సీట్లు దొరకడానికి కొంచెం ఓపిక కావాలి. ప్రయాణానికి దాదాపు 11 నెలల ముందు తేదీలు తెరుచుకుంటాయి, అప్పుడు కొన్ని అవార్డు సీట్లు ఉంటాయి. మళ్లీ అమ్ముడుపోని సీట్లు ఆఖరి రెండు వారాల్లో బయటపడతాయి. మధ్యకాలంలో చూసి లేవని నిరాశ పడేవాళ్లే ఎక్కువ. రానూ పోనూ కలిపి వెతికితే లేవని చూపించిన సీట్లు, ఒక్కో వైపు విడివిడిగా వెతికితే దొరికాయి. బుధవారం వెళ్లి మంగళవారం రావడానికి మా ఆఫీసులో సెలవు సర్దుకోవడమే కష్టమైంది.

ఆ ప్రయాణం మేము చేయలేదు. దానికి మూడు వారాల ముందు ఒక రాత్రి, పెద్దమ్మను ఆసుపత్రిలో చేర్చారని ఫోను వచ్చింది. అమ్మ మాట్లాడకుండా బీరువా తెరిచి చీరలు తీయడం మొదలుపెట్టింది. మర్నాడు ఉదయం విమానానికి ఒక్కో టికెట్ ధర పై కొలతలోనే 290. మామూలు రోజుల్లో అది 95. మా మైళ్ల పథకానికి ఇంకా స్థిరమైన పట్టిక ఉంది కాబట్టి మైళ్లలో మాత్రం ఎప్పటిలాగే 12,500. రెండు సీట్లు ఉన్నాయి. సెలవుల టికెట్లు రద్దు చేస్తే చిన్న రుసుము తీసుకుని మైళ్లన్నీ ఐదు నిమిషాల్లో ఖాతాలో వేశారు. నగదుతో కొన్న చౌక టికెట్టయితే చాలాసార్లు ఆ సొమ్ము మీద ఆశ వదులుకోవలసిందే. మంచం అంచున కూర్చుని ఫోనులో పేర్లు నమోదు చేస్తుంటే, అమ్మ గుర్తింపు కార్డులో ఇంటిపేరు స్పెల్లింగు ఒక అక్షరం తేడాగా ఉన్నట్టు మొదటిసారి గమనించాను. వేళ్లు వణికి రెండుసార్లు తప్పు కొట్టాను.

పెద్దమ్మ కోలుకుంది. వారం తరువాత నేను ఇంకో 12,500 మైళ్లతో తిరిగి వచ్చాను. అమ్మ ఇంకో నెల అక్కడే ఉండి డబ్బు పెట్టి కొన్న టికెట్‌తో వచ్చింది.

తరువాత పుస్తకం తెరిచాను. వెళ్లేటప్పుడు ఒక్కో టికెట్ పన్నులు 9 పోను 281, ఇద్దరికి 562. ఆ రాత్రి 290 అయినా ఇచ్చేదాన్ని కాబట్టి, తమ్ముడికి పెట్టిన పరీక్షలో ఇది నిలబడుతుంది. నా తిరుగు ప్రయాణం 110లో పన్నులు పోను 101. మొత్తం 663. ఇందులోంచి వార్షిక రుసుము 60, రద్దు రుసుము 12 తీసేశాను. ఆ మూడు నెలల ఖర్చు నా పాత కార్డు మీద పెట్టి ఉంటే క్యాష్‌బ్యాక్‌గా వచ్చి ఉండేది 25, అదీ తీసేశాను. మిగిలింది 566. పెన్సిల్‌తోనే రాశాను. సెలవులకే వెళ్లి ఉంటే ఇవే తీసివేతలతో, రద్దు రుసుము ఒక్కటి మినహాయించి, 167 వచ్చేది. కార్డు కరపత్రంలో మెరిసే 40,000 అన్న అంకెకు నా మట్టుకు దగ్గరైన విలువ ఆ 167. మిగతాది పెద్దమ్మ అనారోగ్యం వల్ల వచ్చింది, దాన్ని లాభం అనడానికి నోరు రాలేదు.

ఖాతాలో ఇంకా 6,400 మైళ్లున్నాయి. వాటితో కెటిల్ తీసుకోమని ప్రతి నెలా ఈమెయిల్ వస్తోంది. కెటిల్ లెక్క కూడా వేశాను, వెయ్యికి ఒకటి కూడా రాదు. రెండో ఏడాది రుసుము పడడానికి నెల ముందు తేదీని పుస్తకంలో ఎర్ర సిరాతో రాసిపెట్టాను. ఆ రోజు ఫోను చేసి, రుసుము మాఫీ చేస్తారా, రుసుము లేని కార్డుగా మారుస్తారా అని అడుగుతాను. రెండూ కాదంటే మూసేస్తాను. ఈసారి తేదీని బ్యాంకు కాగితం చూసి రాశాను.

తమ్ముడు ఇప్పుడు అమ్మ పేరు మీద ఇంకో కార్డు తీసుకోమంటున్నాడు. మొన్న అమ్మతో ఆ మాట అంటే కళ్లజోడు పెట్టుకుని నా నోటుపుస్తకం తీసుకుంది. 12,500 అన్న అంకె మీద వేలు పెట్టి, "ఇవి మైళ్లా? అంటే ఎన్ని కిలోమీటర్లు?" అంది.

"సుమారు 20,000."

"మనం ఎక్కింది రెండు గంటల విమానమే కదా," అంది అమ్మ. "మిగతా దూరం ఎవరు తిరిగారు?"