నకలు వేరు, జిరాక్స్ వేరు

గత నెల హనుమకొండలో ఒక కార్యాలయానికి దరఖాస్తు పట్టుకొని వెళ్లాను. ముప్పై ఏళ్లు తెలుగు పాఠం చెప్పిన అలవాటు కొద్దీ, జతపరచిన పత్రాల జాబితాలో 'ఆధార్ కార్డు ఛాయాప్రతి, బ్యాంకు పుస్తకం ఛాయాప్రతి' అని గుండ్రటి అక్షరాలతో రాశాను. కౌంటర్ వెనక కూర్చున్న అమ్మాయి దాన్ని రెండుసార్లు చదువుకొని, "సార్, ఈ ఛాయాప్రతి ఏడ దొరుకుతది? జిరాక్సులు పెడితే సరిపోతది గదా" అన్నది. జిరాక్సులు ఆ కాగితం వెనకే పిన్ను కొట్టి ఉన్నాయి. ఆమె నా మాటను ఒక గీతతో కొట్టేసి, పైన ఎర్ర సిరాతో 'జిరాక్స్' అని రాసి, ముద్ర వేసి నా చేతికి రసీదు ఇచ్చింది.

మొదట కొంచెం నొచ్చుకున్న మాట నిజం. కానీ ఆటోలో ఇంటికి వస్తూ ఆలోచిస్తే ఆ అమ్మాయి చేసినదే సబబుగా తోచింది. కంపెనీ పేరును వస్తువు పేరుగా వాడటం సోమరితనమనీ, సొంత మాట లేని దరిద్రమనీ తరగతిలో ఎన్నోసార్లు చెప్పినవాణ్ణి నేనే. అయితే మనకు మాట లేదా? 'నకలు' ఉన్నది. నిజాం కాలపు కచేరీల నుంచి వచ్చిన ఆ ఉర్దూ మాటను ఇప్పటికీ ఎవరూ వదిలిపెట్టలేదు. కోర్టులో నకలు తీసుకుంటాం, తహసీలు కార్యాలయంలో పహాణీ, అంటే పొలం లెక్కల పత్రం, నకలు తీసుకుంటాం. కాకపోతే నకలు అంటే అధికారి సంతకం, ముద్ర ఉన్న కాగితం. దాన్ని దస్తావేజుగా చూపించవచ్చు. జిరాక్స్ అంటే యంత్రంలోంచి వచ్చిన వేడి కాగితం, అంతే. "నకలు దెచ్చినవా, జిరాక్స్ దెచ్చినవా?" అని గుమాస్తా అడిగితే రైతుకు తేడా క్షణంలో తెలుస్తుంది. అక్కడ 'ఛాయాప్రతి' అని చొప్పించబోయిన నేనే ఆ తేడాను చెడగొట్టాను.

ఆ యంత్రం కథ కూడా ఇటువంటి కచేరీ కాగితాల విసుగులోంచే పుట్టింది. న్యూయార్క్‌లో ఒక సంస్థ పేటెంట్ల విభాగంలో పనిచేసే చెస్టర్ కార్ల్‌సన్, పత్రాలకు ప్రతులు తీయడంలోని అవస్థ భరించలేక, తడి రసాయనాల అవసరం లేకుండా విద్యుదావేశంతోనూ పొడితోనూ అచ్చు తీసే పద్ధతిని 1938 అక్టోబరు 22న సాధించాడు. గ్రీకులో తడి లేనిది అనే అర్థం ఉన్న మాటలోంచి ఆ పద్ధతికి జిరాగ్రఫీ అనే పేరు పుట్టింది, ఆ పేరులోంచి జిరాక్స్ వచ్చింది. 1959లో వెలువడిన జిరాక్స్ కంపెనీ వారి 914 యంత్రానికి ఆ అంకె ఎందుకంటే అది 9 అంగుళాల వెడల్పు, 14 అంగుళాల పొడవు ఉన్న కాగితం వరకు ప్రతి తీయగలిగేది. మా వరంగల్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలకు నెహ్రూ పునాదిరాయి వేసినది కూడా ఆ ఏడే. జిరాక్స్ సంస్థ 1983లో మోదీ గ్రూపుతో కలిసి మన దేశంలో అడుగుపెట్టింది. ఇప్పుడు కాకతీయ విశ్వవిద్యాలయం దారిలో వరుసగా ఉన్న దుకాణాల బోర్డుల మీద 'జిరాక్స్' అనే ఉంటుంది, లోపలి యంత్రాల మీద మాత్రం కానన్, రికో, క్యోసెరా పేర్లు కనిపిస్తాయి. మాట ఎంత మనదైపోయిందంటే, తండ్రి పోలిక అచ్చంగా దిగిన పిల్లవాణ్ణి చూసి మా చిన్నమ్మ "వాళ్ల నాయినకు జిరాక్స్ గదరా ఈడు" అంటుంది. ఆమె జీవితంలో ఒక్కసారి కూడా ఆ దుకాణం మెట్లెక్కలేదు.

ఇంతకన్నా నాకు ఆశ్చర్యం కలిగించేది మట్టి తవ్వే యంత్రాల సంగతి. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు పరకాల దగ్గరి మా ఊరి చెరువులో పూడిక తీశారు. కట్ట మీద నిలబడి చూస్తుంటే మా మేనల్లుడు ఫోనులో కాంట్రాక్టరుతో వాదిస్తున్నాడు: "అన్నా, జేసీబీ అయితే ఆ బురదల దిగబడతది. ఇటాచి పంపియ్యి." ఆ ఒక్క వాక్యంలో రెండు దేశాల కంపెనీలు ఉన్నాయి. జోసెఫ్ సిరిల్ బామ్‌ఫోర్డ్ అనే ఆంగ్లేయుడు 1945లో ఒక చిన్న గ్యారేజీలో మొదలుపెట్టిన సంస్థకు ఆయన పేరులోని పొడి అక్షరాలే పేరయ్యాయి. అది 1979లో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో కర్మాగారం పెట్టుకున్నది. ఇటాచి అంటే జపాను వారి హిటాచి, మా నాలుక మీద మొదటి హకారం రాలిపోయింది. అయితే మేనల్లుడికి కావలసినది కంపెనీ కాదు. టైర్ల మీద నడుస్తూ, ముందు వెడల్పాటి బకెట్టు, వెనక తవ్వే చేయి ఉన్నది ఎవరు తయారు చేసినా జేసీబీ. గొలుసుల మీద పాకుతూ బురదలో నిలబడగలిగేది ఎవరిదైనా ఇటాచి. పెద్దవాళ్లు ఆ రెండోదాన్నే ప్రొక్లెయిన్ అంటారు. ఫ్రాన్స్‌లో జార్జ్ బటాయ్ 1927లో వ్యవసాయ యంత్రాల కోసం పెట్టిన పొక్లెయిన్ అనే కర్మాగారం పేరు అది. తరువాత వారి తవ్వే యంత్రాలను మన దేశంలో ఎల్ అండ్ టీ సంస్థ తయారు చేయడంతో ఆ పేరు కాలువ పనుల మీదుగా ఊళ్లకు చేరింది, దారిలో ఎక్కడో ఒక రకారాన్ని కూడా తగిలించుకున్నది. 'ఎక్స్‌కవేటర్' అనే ఒక్క మాటతో ఈ తేడా చెప్పలేం. కంపెనీల పేర్లనే కొలబద్దలుగా మార్చుకొని రైతులు చెప్పగలుగుతున్నారు.

డాల్డా కూడా తేడా చెప్పడానికే నిలిచింది. డాడా అనే డచ్చి వ్యాపారుల పేరులో లీవర్ కంపెనీ తన ఎల్ అక్షరాన్ని ఇరికించగా 1937లో పుట్టిన పేరు అది. నెయ్యి కానిది అని చెప్పడానికి మా ఊళ్లో దాన్ని మించిన మాట లేదు, పెండ్లి భోజనంలో "నెయ్యా, డాల్డానా?" అని వియ్యంకులు మూతి విరుచుకోవడం నేను చూశాను. తాటిచెట్టు బొమ్మ ఉన్న ఆ పసుపు డబ్బా ఖాళీ అయ్యాక మా అమ్మ దానితో బియ్యం కొలిచేది, అంచు తుప్పు పట్టాక అందులో తులసి నాటింది.

అన్ని పేర్లూ ఇలా నిలవలేదు. కోల్గేట్ అనే మాట ఒకప్పుడు పళ్లపొడికీ పేస్టుకీ కూడా చెల్లింది కానీ, తేడా చెప్పే పని లేక 'పేస్టు' ముందు ఓడిపోయింది. సర్ఫ్ మాత్రం గెలిచింది. ఎంతగా అంటే, మా వీధి కిరాణాకొట్టులో "నిర్మా సర్ఫ్ ఇయ్యి" అంటారు. 1969 నుంచి సర్ఫ్‌కు పోటీగా నిలిచిన సరుకు పేరు పక్కనే ఆ ప్రత్యర్థి పేరు కూర్చుంటుంది.

కంపెనీలకు ఇది సంతోషమా, గండమా అంటే రెండూనూ. మాట అందరిదీ అయిపోయిందని, బేయర్ మందుల కంపెనీ 1921లో అమెరికా కోర్టులో ఆస్పిరిన్ అనే పేరు మీద సొంత హక్కు పోగొట్టుకున్నది, థర్మాస్‌కు 1963లో అదే గతి పట్టింది. జిరాక్స్ వారు 'ఫోటోకాపీ' అనమని పత్రికల్లో ప్రకటనలు వేసి బతిమాలుకున్నారు. మన 1999 ట్రేడ్‌మార్కుల చట్టంలోని 36వ సెక్షన్‌ను చదివితే ఒక విశేషం కనిపించింది: జనం ఆ మాటను ఎలా వాడారన్నదాని కన్నా, అదే వ్యాపారంలో ఉన్నవారు దాన్ని వస్తువు పేరుగా వాడటం స్థిరపడిందా అన్నదే అక్కడ ముఖ్యం. అంటే మా చిన్నమ్మ మాట వల్ల ఆ సంస్థకు వచ్చే ముప్పు లేదు, దుకాణం బోర్డు వల్లనే ఉన్నది. అయినా 2012లో మేధోసంపత్తి అప్పిలేట్ బోర్డు, జిరాక్స్ సాధారణ పదమైపోయిందన్న వాదనను ఒప్పుకోలేదు.

మొన్న పింఛను కాగితాలకు మళ్లీ అవసరం పడి నయీంనగర్‌లో ఒక దుకాణానికి వెళ్లాను. కానన్ యంత్రం మూత ఎత్తి నా ఆధార్ కార్డు పెట్టిన కుర్రవాడు, "సార్, ముందూ వెనకా ఒకే పేజీల రావాల్నా?" అని అడిగాడు. రావాలన్నాను. "రెండు జిరాక్సులకు నాలుగు రూపాయలు. చిల్లర లేకుంటే ఫోన్‌పే కొట్టుండ్రి సార్" అంటూ కౌంటర్ మీది క్యూఆర్ కోడు బొమ్మను నా వైపు తిప్పాడు. దాని మీద పేటీఎం అని రాసి ఉన్నది.